అణు కవచానికి చిల్లు

ఒక ఊరు ఊరంతా కలిసికట్టుగా నా మీద కోప్పడిన రోజు గురించి చెబుతాను. మామూలు కోపం కాదు. కొందరు చెప్పులు వేసుకునే తీరిక లేక ఒట్టికాళ్లతో వచ్చారు, కొందరు చెప్పులు చేత్తో పట్టుకునే వచ్చారు. వాళ్లకు నా మీద కోపం, నాకు వాళ్ల మీద కోపం, మమ్మల్ని పిలిచిన ప్రిన్సిపాల్‌కు మా అందరి మీదా కోపం. ఇంతకీ ఇదంతా కంటికి కనబడనంత చిన్న తిత్తికి పడిన, అంతకంటే చిన్న చిల్లు వల్ల. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఈ సంగతి పళ్లు కొరక్కుండా చెప్పలేను.

నా పేరు రజియా. ఊరు నంద్యాల. అప్పుడే హైదరాబాదులో పరిశోధన ముగించి, పేరు ముందు డాక్టర్ అని తగిలించుకుని, నంద్యాలలోనే ఒక డిగ్రీ కాలేజీలో చేరాను. ఆ డాక్టర్ అనే మాట మీద నాకెంత ముచ్చటంటే, కొరియర్ అతను "రజియా ఉన్నారా?" అని అడిగితే "డాక్టర్ రజియా" అని సరిదిద్దేదాన్ని. వెంటనే అతను మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తేవాడు.

నా పరిశోధన దేని మీదో ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే నా మూర్ఖత్వం మీకు పూర్తిగా అర్థం కాదు. మన ఒంట్లో కణాలుంటాయి. కణం నడుమ ఒక గుండ్రటి తిత్తి ఉంటుంది. మన కళ్ల రంగు మొదలుకుని కాలి వేళ్ల పొడుగు దాకా అన్నీ రాసి ఉన్న దారం, అదే డిఎన్‌ఏ, ఆ తిత్తిలో ఉంటుంది. ఆ తిత్తి అప్పుడప్పుడూ పిగిలి చిల్లు పడుతుంది. పడితే కణం తనంతట తానే దాన్ని పూడ్చుకుంటుంది. ఎట్లా పూడ్చుకుంటుందో చూడడమే నా పని. ఆ తిత్తి పైపొరను ఇంగ్లీషులో న్యూక్లియర్ ఎన్వలప్ అంటారు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఒకరోజు ఆళ్లగడ్డలోని ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓబులేసు గారు ఫోన్ చేశారు.

"మేడమ్, సైన్సు దినోత్సవానికి మీరే వచ్చి మాట్లాడాల. పిల్లోళ్లతో పాటు వాళ్ల అమ్మానాయనలను గూడా పిలుస్తాండాం. టైటిలు మాత్రం తెలుగులో పెట్టండి. ఇంగ్లీషు జూస్తే మావాళ్లు ఈ పక్కకు రారు."

"తెలుగేనా? దానికేం భాగ్యం సార్!" అన్నాను.

భాగ్యం కాదు, దౌర్భాగ్యం. ఎందుకంటే ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ, నేను చదివింది యూకేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం, నాకు వచ్చిన తెలుగంతా నంద్యాల సందుల్లో తోటి పిల్లలతో పోట్లాడి నేర్చుకున్నది. పోట్లాటలో ఎన్వలప్ అనే మాట అవసరం పడదు కదా. ఫోన్‌లో వెతికాను. న్యూక్లియర్ అంటే ఏమిటని అడిగితే ఫోను రెండు మాటలు చూపించింది. ఒకటి 'కేంద్రక'. ఇంకొకటి 'అణు'. మొదటిది నత్తిగా, నీరసంగా కనబడింది. రెండోది పొట్టిగా, గట్టిగా, వేదిక మీద పలికితే మైకు అదిరేటట్టు ఉంది. ఎన్వలప్‌కు 'కవరు' అని చూపించింది. ఛీ, కూరగాయల కవరులా ఉంది అనుకుని, దాన్ని నేనే 'కవచం' చేశాను. ఆ మాట దొరికినందుకు నన్ను నేనే మెచ్చుకుని, టీ కూడా కలుపుకుని తాగాను.

అట్లా తయారైంది నా టైటిలు: "అణు కవచానికి చిల్లు పడితే? మరమ్మతు ఎలా?"

మా సందు చివర ఫ్లెక్స్ షాపు నడిపే కరీమన్నకు దాన్ని పంపించాను, నా ఫోటోతో సహా. ఆయన ఫోన్ చేశాడు.

"చెల్లీ, అక్షరాలు పోంగ శానా ఖాళీ మిగిలింది. బొమ్మ ఏదన్నా ఏద్దునా?"

"ఏదో ఒకటి వెయ్యన్నా. సైన్సుకు సంబంధించింది అయ్యుండాల, అంతే."

"అణు అని కొట్టి సూస్తా, ఏదొస్తే అది పెడ్తా."

"పెట్టు."

ఇప్పుడు మీకు విషయం అర్థమైపోయింది, నాకు మాత్రం అప్పుడు కాలేదు. ఆయన ఫ్లెక్స్ నమూనా వాట్సాప్‌లో పంపినప్పుడు నేను పరీక్ష హాల్లో కాపలా ఉన్నాను. బొమ్మ తెరవలేదు. తెరవకుండానే బొటనవేలు గుర్తు పెట్టాను. ఆయన అచ్చు వేసి తిన్నగా ఆళ్లగడ్డ కాలేజీకి పంపేశాడు. ఈ లోకంలో ఎన్ని అనర్థాలు ఆ బొటనవేలుతో మొదలయ్యాయో ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండు.

సభ రోజు పొద్దున నంద్యాలలో బస్సెక్కాను. సిరివెళ్ల దాటాక కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని, కొత్తగా నేర్చిన తెలుగు మాటలను ఒకసారి నోట్లో తిప్పుకున్నాను. ఆళ్లగడ్డలో దిగి కాలేజీ వైపు మళ్లితే గేటు ముందు జనం. ఒకరా ఇద్దరా, రోడ్డంతా జనం. ట్రాక్టర్లు వేసుకుని వచ్చారు. నా గుండె పొంగిపోయింది. అరరే, సైన్సంటే మా జిల్లాలో ఇంత ఆదరణా, హైదరాబాదులో నా ప్రసంగానికి వచ్చిన వాళ్లలో సగం మంది బిస్కెట్ల కోసం వచ్చారే, అని కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించి, పెళ్లిపందిట్లో పెళ్లికూతురి తల్లిలా చిరునవ్వు నవ్వుతూ వాళ్ల మధ్యలోకి నడిచాను.

"ఈయమ్మేనా?" అని ఎవరో అన్నారు.

"ఈమే. ఫోటోలో ఉండ్లేదా? ఈమేబ్బా."

"నవ్వుతాండాది సూడు. చేసేది జేసి నవ్వుతాండాది!"

తల ఎత్తి చూస్తే గేటు మీద ఫ్లెక్స్. అప్పుడు చూశాను దాన్ని మొట్టమొదటిసారి. కుడివైపు రెండు పెద్ద గొట్టాల్లోంచి నల్లటి పొగ. ఎడమవైపు తల నుంచి కాళ్ల దాకా తెల్ల ముసుగు తొడుక్కున్న మనిషి. పైన పసుపూ నలుపూ రెక్కల ప్రమాద చిహ్నం. నడుమ, పొగ గొట్టాలు నా సొంత ఆస్తి అన్నట్టు నవ్వుతున్న నేను. కింద పెద్ద అక్షరాల్లో 'అణు కవచానికి చిల్లు పడితే?', దాని కింద 'ఆళ్లగడ్డ', దాని కింద 'అందరూ ఆహ్వానితులే'.

నా చిరునవ్వు మూతి మీదే గడ్డకట్టుకుపోయింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అంతకు కొన్నాళ్ల ముందు ఎవరో జీపుల్లో వచ్చి, అడవి అంచున ఉన్న పొలాల్లో బోర్లు దించి, లోపలి మట్టిని సంచులకెత్తుకుని పోయారట. ఏంటని అడిగితే చెప్పినవాళ్లు లేరు. యురేనియం కోసమని ఒకరన్నారు, కాదని ఒకరన్నారు. అడిగినచోటల్లా 'మాకు తెలియదు, పై వాళ్లను అడగండి' అన్నారు. పై వాళ్లెవరో ఎవరికీ తెలియదు. బోర్లలో నీళ్లు ఏమవుతాయో, పొలాలు ఉంటాయో పోతాయో తెలియక ఆ ఊళ్ల వాళ్లు లోలోపల ఉడుకుతున్నారు. అట్లాంటి చోట నేను పోయి, అణు కవచం తెచ్చి, దానికి చిల్లు కూడా నేనే పెట్టి, అందరినీ ఆహ్వానించాను.

గుంపులోంచి ఒకామె ముందుకొచ్చింది. అరవై ఏళ్లుంటాయి, చీర కొంగు బొడ్లో దోపుకుని ఉంది. పేరు నారాయణమ్మ అని తర్వాత తెలిసింది. మిరప తోట, శనగ చేను ఆమెవి, చెయ్యి తిప్పితే కొడవలి తిప్పినట్టే ఉంటుంది.

"ఏం పాపా, యాడ పడింది చిల్లు?"

"అదీ... పెద్దమ్మా... శరీరంలో..."

"ఎవురి శరీరంలో?"

"అందరి శరీరంలో."

వెనక నుంచి గొల్లుమన్నారు. "అందరి ఒంట్లోకీ వచ్చిండాదంట! అప్పుడే వచ్చిండాదంటప్పా!"

"లేదు లేదు!" అని రెండు చేతులూ ఊపాను. "ఇది ఆ అణువు కాదు! తప్పు పడింది! ఇది కేంద్రకం! కేంద్రక పొర!"

నాకు తెలిసిన సరైన తెలుగు మాట అదొక్కటే, దాన్ని అంతకంటే తప్పు చోట ఇంకెవరూ వాడి ఉండరు.

తలకు తువ్వాలు చుట్టుకున్న సుబ్బన్న అనే పెద్దమనిషి గుంపు వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "ఇంటిరా! కేంద్రం అంటాండాది! కేంద్రమే చేయిస్తాండాదంట! ఈమె నోటితోనే చెప్పిండాది!"

"కేంద్రం కాదన్నా, కేంద్రకం!"

"క అంటే కమిటీనా?"

నేను సాయం కోసం ప్రిన్సిపాల్ ఓబులేసు గారిని వెతికాను. ఆయన నీళ్ల డ్రమ్ము వెనక నిలబడి, ఈ కాలేజీకి ఇప్పుడే అప్లికేషను కోసం వచ్చినవాడిలా అటూ ఇటూ చూస్తున్నారు. నేను చెయ్యి ఊపితే ఆయన కూడా చెయ్యి ఊపారు, పొమ్మన్నట్టు.

సరే, బొమ్మ చూపిస్తే శాంతిస్తారనుకున్నాను. నా లాప్‌టాప్ తెరిచి వరండా గోడ మీద పెట్టి వీడియో వేశాను. నా ప్రాణమంతా పెట్టి తీసిన వీడియో అది. ఒక కణం ఇరుకు సందులోంచి దూరుతూ ఉంటుంది. నడుమ తిత్తి పచ్చగా మెరుస్తూ ఉంటుంది. సందులో నలిగి నలిగి ఒకచోట తిత్తి పిగులుతుంది, పచ్చరంగు బుస్సున బయటికి పొంగుతుంది.

"అయ్యో!" అని ముందు వరసలో ఆడవాళ్లు అన్నారు. నాకు ధైర్యం వచ్చింది.

"చూశారా? అదే చిల్లు. ఒంట్లో గాయం తగిలినప్పుడు కాపాడే కణాలు అక్కడికి పరుగెత్తాలి. దారిలో ఇరుకు సందులుంటాయి. దూరేటప్పుడు ఇట్లా అవుతుంది."

"ఈడ ఆ సందు పెట్టిందెవురు?" అని నారాయణమ్మ అడిగింది.

"ఇక్కడంటే... ల్యాబులో మేమే పెట్టాం."

"అంటే బాగుండేదాన్ని పట్టుకోని నలిపి చిల్లు పెట్టింది మీరే."

"చూడ్డానికి..."

"మల్లా దాన్ని పూడ్సేదెవురు?"

"అదే పూడ్చుకుంటుంది."

"దానంతట అదేనా?"

"దానంతట అదే."

"మరి నువ్వేం జేస్తావు?"

"చూస్తాను."

నారాయణమ్మ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"దానికి జీతం గూడా ఇస్తాండారా?"

"ఫెలోషిప్ అని ఇచ్చేవాళ్లు."

"అదేంది?"

"జీతమే పెద్దమ్మా. అడుక్కుంటే వచ్చేది."

ఎవరో కిసుక్కున నవ్వారు. గండం గడిచిందనుకున్నాను. ఆ నవ్వు చూసి పొంగిపోయి, నోరు మూసుకోవలసిన చోట ఇంకో మాట అనేశాను. "ఈ చిల్లు పూడకపోతే చాలా ప్రమాదం. లోపలి దారం తెగిపోతుంది. ఒక్కోసారి క్యాన్సర్ దాకా పోవచ్చు."

ఆ తర్వాత జరిగిన గోలను నేను రాయలేను. క్యాన్సర్ అన్న మాట ముందు వరస నుంచి చివరి ట్రాక్టరు దాకా పాకేలోపు ఊరికి క్యాన్సర్ వచ్చింది, ఊళ్లో అందరికీ వచ్చింది, నేనే తెచ్చాను. సుబ్బన్న ఫ్లెక్స్ చింపమన్నాడు. ఇంకెవరో నన్ను గదిలో పెట్టి పై వాళ్లొచ్చేదాకా వదలొద్దన్నారు. "పై వాళ్లకు ఫోన్ జెయ్! నీ మీద ఎవురుండారో వాళ్లనే పిలువ్!" అని నారాయణమ్మ నా ముక్కు మీదికి వేలు పెట్టింది.

నా మీద ఎవరున్నారు? మా డిపార్టుమెంటు హెడ్డు ఉన్నాడు, ఆయన ఆ పూట నంద్యాలలో పన్ను పీకించుకుంటున్నాడు.

అంతే, నాలో ఏదో పుటుక్కున తెగింది. అప్పటిదాకా పట్టుకొచ్చిన పుస్తకాల తెలుగు, కవచమూ, కేంద్రకమూ, శరీరమూ, అన్నీ రోడ్డు మీద పారేశాను. నంద్యాల సందుల్లో నేర్చిన తెలుగు పొంగుకొచ్చింది.

"ఏందీ, ఎవురిని పిలవాల? ఎవురుండారు నాకు? నేనేమన్నా బాంబులు జేస్తాండానా? గ్యాసు పొయ్యి ముట్టించాలంటేనే మా అమ్మను పిలుస్తా నేను! ఫ్లెక్స్ మీద బొమ్మ మా సందులో కరీమన్న పెట్టినాడు, నేను సూడకుండా సరే అన్యా, తప్పు నాదే, కొడ్తారా కొట్టండి! కానీ ఇన్నేండ్లు సదివి, కండ్లు గుంతలు పడేట్లు సూసి కనుక్కున్యా, చెప్తామని వస్తే, ఒక్కరన్నా ఇంటాండారా? క అంటే కమిటీనంట! గమ్మున కూకోండి అందరూ! నేను చెప్పేది ఇనేదాంక ఎవురన్నా లేస్తే సూడండి మల్లా!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ముక్కు కారుతోంది, కొత్త చీర కుచ్చిళ్లు సగం ఊడిపోయాయి. ఇంక నన్ను నిజంగానే కొడతారనుకుని కళ్లు మూసుకున్నాను.

"ఆ," అంది నారాయణమ్మ. "ఇప్పుడు మనిషి మాదిరి మాట్లాడ్తాండాది. కూకోండప్పా. సుబ్బన్నా, నువ్వు గూడా."

ఊరంతా కూర్చుంది. రోడ్డు మీదే కూర్చుంది.

నేను కూడా వరండా మెట్టు మీద కూలబడి, ముక్కు చీదుకుని, కోపం తగ్గకుండానే చెప్పాను.

"తిత్తికి చిల్లు పడ్తానే లోపలి దారం బయటికి జారతాది. ముందుగాల ఒక చిన్న ప్రోటీను ఉరుక్కుంట వస్తాది. వచ్చి ఆ దారాన్ని కరుచుకోని పట్టుకుంటాది, ఇంక జారకుండ. అది పట్టుకోని గమ్మునుండదు. ఈడికి రాండ్రీ అని మిగతావాటిని పిలుస్తాది. పక్కనే పొరలుంటాయి, ఆ పొర జరుక్కుంట వచ్చి చిల్లు మీద కమ్ముకుంటాది. ఆఖరికి ఇంత కంత మిగుల్తాది. దాన్ని ఇంకో జట్టు వచ్చి, చుట్టూ నిలబడి, సంచి మూతి తాడు లాగినట్ల బిగించి మూసేస్తాది. మీరు సంగటి వండి దించేలోపల మామూలుగా పనైపోతాది."

"ఎవురూ చెప్పకుండానే వస్తాయా?" అని సుబ్బన్న అడిగాడు. గొంతులో ఇప్పుడు అరుపు లేదు.

"ఎవురూ చెప్పనక్కర్లే. దారం బయటపడిందంటే చాలు."

"రాకపోతే?"

"అప్పుడే కదన్నా ప్రమాదం. నేను చెప్పబోయింది అదే. మీరు యాడ చెప్పనిచ్చిరి?"

మళ్లీ వీడియో వేశాను. ఈసారి ముగింపు దాకా చూపించాను. తిత్తి పిగలడం, పచ్చరంగు పొంగడం, చిల్లు దగ్గర ఆ ప్రోటీను ఎర్రటి చుక్కలా మెరవడం, మెల్లగా పచ్చరంగు మళ్లీ లోపల నిండడం. చిల్లు పూడినప్పుడు వెనక వరసలోంచి ఎవరో ఈల వేశారు. నా పరిశోధనకు నాకు దక్కిన సన్మానాలన్నిటిలో ఆ ఈలే గొప్పది. అయినా కోపంలో ఉన్నాను కాబట్టి అప్పుడు సంతోషపడలేదు.

జనం లేచి మట్టి దులుపుకుంటుంటే ఓబులేసు గారు డ్రమ్ము వెనక నుంచి వచ్చి, మైకు పట్టుకుని, "మేడమ్ గారు ఇంతసేపూ మనకు చక్కటి అణు విజ్ఞానం..." అని మొదలుపెట్టారు. నేనూ నారాయణమ్మా ఒకేసారి తిరిగి చూసిన చూపుకు ఆయన మైకు ఆపేసి, అందరికీ మజ్జిగ పొయ్యమని పురమాయించారు.

మజ్జిగ తాగుతూ నేను నారాయణమ్మ పక్కన నిలబడ్డాను. "తప్పు నాదే పెద్దమ్మా. మిమ్మల్ని బెదరగొట్టినా. పనులిడిచి పెట్టి వచ్చినారు."

ఆమె గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. నవ్వలేదు.

"ఆ జీపులోళ్లు వచ్చిపోయిన కాడ్నుంచి అడగని చోటు లేదు పాపా. ఒక్కరు నోరు దెరిస్తే ఒట్టు. మా పొలంలో ఏం జేసినారో మాకు చెప్పేదానికి ఇంతవరకు ఒక్క మనిషి వచ్చి మా ముందర నిలబడ్లేదు. నిలబడింది నువ్వొక్కదానివే. నువ్వేమో దోవదప్పి వచ్చినదానివి."

కోపం నా లోపల మళ్లీ లేచింది, కానీ ఈసారి అది ఆళ్లగడ్డ వాళ్ల మీద కాదు.

ఆమె వెళ్లబోతూ ఆగింది. "మీ కరీమన్న షాపు యాడుంది?"

"ఎందుకు పెద్దమ్మా? ఆయన్నేమనొద్దు. బొమ్మ నేనే పెట్టమన్యా."

"అనేదానికి గాదులే. ఇంగొక ఫ్లెక్స్ ఏయించు. ఇట్లనే తప్పులతో ఏయించు. ఈ తూరి ఆ జీపులోళ్లు సూసి బెదిరిపోయి పరిగెత్తుకోని రావాల."

ఆమె ట్రాక్టరెక్కింది. నేను చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. బస్సులో సిరివెళ్ల దాకా నవ్వాను, ఆ తర్వాత నంద్యాల దాకా పళ్లు కొరుక్కున్నాను.

కాబట్టి, డాక్టర్ రజియా అను నేను, శాసనం ద్వారా ఏర్పడిన తెలుగు భాష పట్ల నిజమైన భయమూ భక్తీ చూపుతాననీ, నాకు అర్థం కాని మాటను గంభీరంగా ఉంది కదా అని నెత్తికెత్తుకోననీ, తెరిచి చూడని బొమ్మకు బొటనవేలు చూపించననీ, 'అణు' అనే రెండక్షరాలను ఆళ్లగడ్డ పొలిమేరల్లో నోట పలకను, చేత రాయను, ఫ్లెక్స్ వేయించననీ, మనస్సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

ఆ జీపులవాళ్లను పిలవాల్సి వస్తే తప్ప.